ఎక్స్‌రే బల్ల మీద దేవి

19 జనవరి 1979, శుక్రవారం

ఎరువుల కంపెనీవాళ్లు మా ఆయనకు ఇచ్చిన డైరీ ఇది. ఆయన మూలన పడేస్తే నేను తీసుకున్నాను. ఇందులో ఎవర్ని ఎంత తిట్టుకున్నా నాకు భయం లేదు. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. మా ఆయన దిగంబర్‌ది మరాఠీ బడి, పిల్లలదీ మరాఠీ బడి, అత్తమ్మ అసలు ఏ బడి గడపా తొక్కలేదు. బోధన్‌లో తెలుగు చదువుకుని వచ్చి నాందేడ్‌లో పడ్డదాన్ని నేనొక్కదాన్నే.

ఇవాళ శుక్రవారం కాబట్టి దర్బారు. పొద్దున్నే అత్తమ్మ తలంటుకుని, పచ్చ చీర కట్టుకుని, నడింట్లో పీట వేయించుకుని కూర్చుంది. ఇత్వారా గల్లీలో ఆడవాళ్లంతా వరసగా వచ్చి కాళ్లు మొక్కారు. ఒకామె గేదె పాలు ఎగ్గొడుతోంది, ఒకామె కోడలికి నెల తప్పడం లేదు, ఒకామె మొగుడు పర్భణీలో ఇంకో కాపురం పెట్టాడు. అందరికీ అత్తమ్మ చెప్పేది ఒకటే మాట. "అయితది తియ్. తల్లి జూస్కుంటది." ఈ మాట చెప్పడానికి రేణుకాదేవి మాహూర్ కొండ దిగి మా అత్తమ్మ ఒంట్లోకి రావాలా? మా పాలవాడిని అడిగితే ఇంతకంటే వివరంగా చెప్తాడు.

పక్కింటి కాశీబాయి మొక్కి, కుంకుమ కొంగున కట్టుకుని, నన్ను చూసి, "నువ్వు పుణ్యం జేస్కున్నవ్ వనమాలా, దేవి ఇంట్ల కోడలివైనవ్" అంది. పుణ్యమే మరి. దేవిగారి అంట్లన్నీ నేనే తోముతున్నాను.

అందరూ పోయాక అత్తమ్మ కుడి పక్క నడుం పట్టుకుని అలాగే వంగిపోయింది. అక్టోబరులో వచ్చిన నొప్పే మళ్లీ వచ్చింది.

22 జనవరి

నొప్పి తగ్గలేదు. మూత్రం ఎర్రగా వస్తోంది. మా డాక్టరు చూసి మూత్రపిండంలో రాయి అన్నాడు, ఊళ్లోనే వజీరాబాద్ పేటలో కొత్తగా పెట్టిన ఎక్స్‌రే క్లినిక్‌కు పొమ్మన్నాడు. నరంలోకి రంగు మందు ఎక్కించి ఫోటో తీస్తారట. మా ఆయన ఎగిరి గంతేశాడు. ఇక హైదరాబాద్ పోనక్కర్లేదు, అన్నీ మన ఊళ్లోనే అయిపోతాయి అని.

రంగు మందు అనగానే నాకు హైదరాబాద్ ఆస్పత్రి గుర్తొచ్చింది.

అక్టోబరు సంగతి ఒకసారి ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఈ ఇంట్లో దాన్ని ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

అత్తమ్మ ఏటా నవరాత్రుల్లో మాహూర్ పోయి దేవికి ఒడి నింపి వస్తుంది. పోయినేడు ఈ నొప్పి వల్ల మాహూర్ మానుకుని హైదరాబాద్ ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది. ఆ రోజు శుక్రవారం. అక్కడా ఫోటో కోసం ముందు ఒక చుక్క ఈ రంగు మందే ఎక్కించి చూశారు, ఏమీ కాలేదు. తర్వాత మొత్తం ఎక్కించారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. మొహం కుంకుమ పూసినట్టు ఎర్రబడింది. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. "అమ్మా, తల్లీ" అంటూ ఊగిపోయింది. పెదాలు ఉబ్బి, గొంతు పూడుకుపోయి, ఊపిరి ఈలలాగా వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు. డాక్టర్లు ముగ్గురు మీద పడి సూదులు పొడిచి, ఆక్సిజన్ పెట్టి, ఎట్లాగో వెనక్కి లాక్కొచ్చారు. పెద్ద డాక్టరు చెమట తుడుచుకుంటూ మా ఆయనతో, "ఈ మందు ఈమెకు పడదు. జన్మలో మళ్లీ ఎక్కించనివ్వకండి" అన్నాడు. ఈయన వెనకాలే నిలబడి నేనూ విన్నాను. ఈయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

రైలు బాసర దాటేసరికి కథ మారింది. నవరాత్రులు, శుక్రవారం, మాహూర్ పోలేదు, ఒళ్లు ఊగింది, తల్లీ అంది. ఇంకేముంది, తన దగ్గరికి రాని భక్తురాలి దగ్గరికి దేవే నడిచి వచ్చింది. నాందేడ్ స్టేషన్‌లో దిగేటప్పుడు మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని దింపాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన ఎవరినైనా చెయ్యి పట్టుకుని దింపడం నేను చూడలేదు.

24 జనవరి

పొద్దున ఈయన కొట్టుకు పోయే ముందు అడిగాను. "హైదరాబాద్ డాక్టర్ జెప్పింది ఇక్కడి డాక్టర్‌కు జెప్తరా లేదా?"

"ఏం జెప్పిండు?"

"మందు పడదని."

"ఆయన మద్రాసాయన. మన దేవి సంగతి ఆయనకేం ఎరుక?"

"గొంతు మూసుకపోయింది గదా. నేను జూసిన."

"నువ్వు సప్పుడు జెయ్యకు. దేవి అచ్చుడును తక్లీఫ్, రోగం అంటరా ఎవరన్న? కండ్లు పోతయి."

వాదించి లాభం లేదు. భోకర్ మార్కెట్ కమిటీ ఎన్నికల్లో ఈయన నిలబడుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఇప్పుడు ఈయన్ని దేవి కొడుకు అంటున్నారు. ఇంతకుముందు ఏమనేవారో నాకు తెలుసు, యూరియాలో ఇసుక కలిపేవాడు అనేవారు. ఇంతకీ బాధ ఏమిటంటే ఈయన అబద్ధం ఆడడం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. దొంగైతే కనీసం తెలివైనవాడని ఊరుకునేదాన్ని.

25 జనవరి

నాకేం? ఆమె కొడుకు, ఆమె దేవి, ఆమె మూత్రపిండం.

26 జనవరి, శుక్రవారం

నొప్పితోనే పీట మీద కూర్చుంది. చీర కొంగు పళ్ల మధ్య నొక్కిపట్టి అందరికీ కుంకుమ పెట్టింది. ముక్కు మీద చెమటలు కారుతుంటే కాశీబాయి, "జూడుండ్రి, దేవి కదుల్తుంది లోపట" అని అందరికీ చూపించింది. కదిలింది రాయి. చెప్పాలని నోటిదాకా వచ్చింది.

క్లినిక్‌కు బుధవారం రమ్మన్నారు.

28 జనవరి

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అత్తమ్మ నడుముకు కాపడం పెడుతున్నాను. ఉప్పు మూట పెనం మీద వేడి చేసి పెట్టడం. నాకు ఓపిక లేకపోయింది, అడిగేశాను.

"అత్తమ్మా, ఆ రోజు బల్ల మీద దేవి అచ్చిందా నిజంగ?"

 గోడ వైపు తిరిగే ఉండి అంది. "నాకెరుక లేదనుకుంటున్నవా?"

ఉప్పు మూట పక్కన పెట్టాను.

"మా మేనత్త ఒంట్లకు అచ్చేది దేవి. నా చిన్నప్పుడు ఎన్నిసార్లు జూసిన. దేవి అస్తె గట్ల గొంతు మూసుకపోదు. నేను సచ్చిపోతున్న అనుకున్న. అంతే. దేవి గీవి ఎవ్వరు రాలే."

"మరి ఎందుకు జెప్పవు?"

"ఎవలకు జెప్పాలె? ఈ ఇంటికచ్చినప్పటి సంది మీ మామ నన్ను పేరు వెట్టి పిల్వలే. ఓయ్ అనేటోడు. సచ్చేదాక ఓయే. దిగంబర్ బయటికి పోయేటప్పుడు అమ్మా పోతున్న అని ఎన్నడన్న జెప్పిండా? ఇప్పుడు కాళ్లు మొక్కి జెప్పి పోతుండు."

"మల్ల అదే మందు ఎక్కిస్తె సస్తవ్ అత్తమ్మా."

"సస్తె దేవి తీస్కపోయిందంటరు. గుడి గట్టినా గడ్తరు." నవ్వింది. నొప్పికి నవ్వు సగంలో ఆగింది. "నువ్వు గిట్ల ఆ డాక్టర్‌కు జెప్పినవనుకో, బతికినన్ని దినాలు నీ ముఖం జూడ. ఒట్టు."

ఇన్నాళ్లూ ఆమెను తెలివితక్కువది అనుకుని జాలిపడ్డాను. కాదు. అన్నీ తెలిసి గల్లీ మొత్తాన్ని మోసం చేస్తున్న ముసలిది. నా జాలి అంతా దండగ అయింది. పోనీ, ఇప్పుడు నా పని తేలికైంది. తెలిసి చేస్తున్నదాన్ని ఆపడానికి నేనెవర్ని?

29 జనవరి

చెప్పను.

30 జనవరి

చెప్పను. ఎవరి ప్రాణం వాళ్లిష్టం. ఆమె నాకు కన్నతల్లి కాదు. నేను వచ్చిన కొత్తలో నా పుస్తకాలు పొయ్యిలో పెట్టిన మనిషి. ఈ సంగతి గురించి నేను ఆలోచించడం కూడా మానేశాను. పిల్లలకు పొద్దున రొట్టెలు మాడిపోతే నన్ను చూసి భయపడ్డారు. రొట్టెలు ఎవరికైనా మాడతాయి.

31 జనవరి, బుధవారం

అంట్లు అలాగే వదిలేసి కూర్చున్నాను. రాస్తేగానీ నిద్ర పట్టేట్టు లేదు.

మేం టాంగా దిగేసరికి క్లినిక్ వరండాలో సగం గల్లీ ఉంది. కాశీబాయి, ఆమె చెల్లెలు, ఇంకా పేర్లు తెలియనివాళ్లు, హారతి పళ్లేలతో, కొబ్బరికాయలతో కూర్చున్నారు. ఎందుకొచ్చారని అడిగితే కాశీబాయి సంబరంగా చెప్పింది. "సూది వెడితె దేవి అస్తదంట గదా, జూద్దామని అచ్చినం." మా ఆయన పిలిచాడు. ఈసారి కూడా వస్తుందని అందరికీ చెప్పి మరీ పిలిచాడు. వాళ్లు ఏం చూడ్డానికి వచ్చారో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, అత్తమ్మకు తెలుసు. ఆమె ఆ పచ్చ చీరే కట్టుకుని, కుంకుమ పెట్టుకుని, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లోపలికి నడిచింది.

డాక్టరు పేరు నందకిషోర్. మెడలో టై, కాళ్లకు చెప్పులు. గోడ మీద బొంబాయి సర్టిఫికెట్లు చూస్తే ఈయన లేకపోతే మరాఠ్వాడాలో ఎవరి ఎముకలూ కనిపించేవి కాదేమో అనిపిస్తుంది. అత్తమ్మను బల్ల మీద పడుకోబెట్టి, ప్లేటు సర్దుతూ, మరాఠీలో అడిగాడు, "ఇదివరకు ఈ మందుతో ఏమైనా బాధ కలిగిందా?" అడుగుతూ ఆయన మా ఎవరి మొహమూ చూడలేదు. బస్సులో కండక్టరు టికెట్, టికెట్ అంటూ పోయినట్టు అడిగాడు.

"ఏమీ లేదు సాహెబ్, అంతా బాగా జరిగింది," అన్నాడు మా ఆయన. అనేటప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు.

డాక్టరు అత్తమ్మ చేతికి పట్టీ బిగించి నరం వెతికాడు. మందు నిండిన పెద్ద సిరంజి పళ్లెంలో ఉంది. అత్తమ్మ నా వైపే చూస్తోంది. చెప్పకు అని కళ్లతోనే అదిలించింది. నేను చెప్పననే అనుకున్నాను. గోడ వైపు తిరిగాను. తిరిగేటప్పుడు ఆమె రెండో చెయ్యి కనిపించింది. బల్ల అంచును పట్టుకుని ఉంది, గోళ్లు తెల్లబడేలా పట్టుకుని ఉంది. ఆమెకు భయమేస్తోంది. గుడి కట్టించుకుంటానన్న మనిషికి చచ్చేంత భయమేస్తోంది.

"ఆపండి," అన్నాను మరాఠీలో. "అక్టోబరులో ఇదే మందుకు ఈమె చచ్చి బతికింది."

సూది చర్మం మీదే ఆగింది. మా ఆయన, "అది మందు కాదు సాహెబ్, దేవి..." అని మొదలుపెట్టాడు. డాక్టరు ఆయన్ని వదిలేసి నన్ను అడగడం మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడిందా, దద్దుర్లు వచ్చాయా, గొంతు పట్టేసిందా, ఎంతసేపట్లో. అన్నిటికీ చెప్పాను. ముందు చుక్క వేసి చూశారనీ, దానికి ఏమీ కాలేదనీ కూడా చెప్పాను. ఆయన సిరంజి పళ్లెంలో పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు.

"మీరు మొహం చూసి అడిగితే చెప్పేదాన్ని. ఇక్కడ ఆక్సిజన్ సిలిండర్ ఏది?"

మూలకు చూశాడు. ఆ మూలలో స్టాండు ఒక్కటే ఉంది. "నింపడానికి పోయింది," అన్నాడు. రెండు రోజుల్లో వస్తుందట. సిలిండర్ లేకుండానే ఆ మందు ఎక్కించబోయాడు ఆ సర్టిఫికెట్ల వీరుడు.

చివరికి మందు లేకుండా మామూలు ఫోటో తీశాడు. అందులోనే రాయి కనిపించింది, చింతగింజంత. మందు ఎక్కిస్తే మూత్రపిండం పనిచేస్తోందో లేదో తెలిసేదట. అది ఇంకోలా తెలుసుకోవచ్చు, ఔరంగాబాద్ పొండి, పోయినచోట ఈ సంగతి మొదట చెప్పండి అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. తన భయం పోగొట్టుకోవడానికి ఎవరినో ఒకరిని చిన్నబుచ్చాలి కదా, వరండాలోకి వచ్చి ఆ ఆడవాళ్లందరి ముందు నవ్వాడు. దేవీ లేదు, గీవీ లేదు, ఈమె ఒంటికి ఆ మందు గిట్టదు, దద్దుర్లొచ్చాయి అంతే, పోయి వంట చేసుకోండి అన్నాడు.

కాశీబాయి కొబ్బరికాయ కొంగులో పెట్టుకుని లేచింది. తనకెప్పుడూ నమ్మకం లేనట్టు ఒక మొహం పెట్టింది. అత్తమ్మ వాళ్ల మధ్య నుంచి నడిచి టాంగా ఎక్కింది. ఒక్కరూ దారి కూడా ఇవ్వలేదు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

తలంటుకుంది. పచ్చ చీర కట్టుకుంది. పీట మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. కాశీబాయి తలుపు సందులోంచి ఒకసారి తొంగి చూసి పోయింది. మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి, చీర మార్చుకుని పడుకుంది.

నాతో మాట్లాడడం లేదు.

5 ఫిబ్రవరి

ఈయన ఇవాళ తల్లికి చెప్పకుండానే కొట్టుకు పోయాడు. ఇంట్లోంచి పోయేటప్పుడు ఆమె మంచం పక్కనుంచే పోవాలి. వీధిలోకి చూస్తూ పోయాడు. నాతో మాత్రం, "నీ నోటి వల్ల ఇల్లు ఖరాబైంది" అని రోజూ అంటున్నాడు. తల్లి బతికి ఉందన్న సంగతి ఆయన లెక్కలో ఎక్కడా లేదు. ఈ మనిషికి పద్దెనిమిదేళ్లుగా అన్నం పెడుతున్నాను.

9 ఫిబ్రవరి, శుక్రవారం

దర్బారు లేదు కాబట్టి పని తక్కువ. నాకు హాయిగా ఉంది. ఎవరికీ టీలు పెట్టక్కర్లేదు, కుంకుమ తుడవక్కర్లేదు. నాకు చాలా హాయిగా ఉంది.

అత్తమ్మ పీట దగ్గరికి కూడా పోలేదు. నేను అన్నం పెడితే కంచం వైపు చూసి తింటుంది. నాకు కోపంగా ఉంది. ప్రాణం కాపాడితే ఇదా? కాళ్లు పట్టుకోమనలేదు, ఒక్క మాట మాట్లాడితే చాలదా? నేను చేసింది తప్పు కాదు. నేను చేసింది తప్పు కాదు.

13 ఫిబ్రవరి

రేపు ఔరంగాబాద్ ప్రయాణం. ఈయన కూడా వస్తాడు, తప్పదు కాబట్టి.

15 ఫిబ్రవరి, ఔరంగాబాద్

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఆడవాళ్ల వార్డు. నేను కింద చాప మీద ఉన్నాను.

పక్క మంచం ఆమె ముఖేడ్ దగ్గరి మనిషి, పేరు సంగవ్వ. కూలి చేసుకునేవాళ్లు. కడుపులో గడ్డ. మా తెలుగు విని లేచి కూర్చుంది. మా ఊరు నాందేడ్ అనగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "నాందేడ్ల ఫోటో బల్ల మీద దేవి అచ్చిన తల్లి ఉన్నదంట. మా ఊర్ల అందరు జెప్పుకుంటరు. నువ్వేనా?" అంది.

అత్తమ్మ అవుననలేదు, కాదనలేదు. సంగవ్వ సూది పెట్టిన చేతితోనే మంచం దిగి వచ్చి, అత్తమ్మ రెండు పాదాలూ పట్టుకుని తల ఆనించింది. "నా గడ్డ సంగతి జూడు తల్లీ. ఇద్దరు చిన్న పోరగాండ్లున్నరు." అత్తమ్మ చెయ్యి తనంతట తనే లేచి ఆమె తల మీదికి పోయింది. ఎన్ని రోజులకో ఆమె మొహం తేటపడింది. నేను చూస్తూ కూర్చున్నాను. మళ్లీ మొదలైంది అనుకున్నాను. మా ఆయన కూడా నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడే డాక్టరు వచ్చాడు, కుర్రవాడు. మంచం పక్కన నిలబడి, అత్తమ్మ మొహం చూసి, మరాఠీలో అడిగాడు. "ఏ మందైనా మీకు పడలేదా ఎప్పుడైనా, అవ్వా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అలాంటిదేమీ లేదు సాహెబ్," అన్నాడు. నేను లేచాను. ఈసారి ఆమె నన్ను చంపినా సరే చెప్తాను అనుకుని నోరు తెరిచాను. అత్తమ్మ నా వైపు చెయ్యి చూపించింది, ఆగు అన్నట్టు.

"పడలేదు," అంది మరాఠీలో. "ఫోటో కోసం నరంలోకి ఎక్కించే మందు. అక్టోబరులో ఎక్కిస్తే గొంతు మూసుకుపోయి చచ్చేదాన్ని. నాకు అది ఎక్కించకండి."

డాక్టరు ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసుకున్నాడు. సంగవ్వకు మరాఠీ అంతగా రాదు, ఆమె ఇంకా కాళ్ల దగ్గరే ఉంది, ఏమంటున్నారని మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. అత్తమ్మ వదిలేస్తే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. వదల్లేదు. వంగి, తెలుగులో మళ్లీ చెప్పింది.

"దేవి కాదు బిడ్డా. మందు నా ఒంటికి పడలే. ఊగింది గందుకే. లే, నీ మంచం మీద పండుకో."

సంగవ్వ చేతులు తీసేసుకుంది. లేచి తన మంచం మీదికి పోయి అటు తిరిగి పడుకుంది. మా ఆయన బయటికి పోయాడు. అత్తమ్మ తన పాదాలు దుప్పట్లోకి లాక్కుంది.

"నీకు ఈ సంగతి జెప్పుమని ఎవరన్న జెప్పిండ్రా అత్తమ్మా?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"ఎవలు జెప్పాలె? పానం నాది గదా," అంది. ఒట్టు మరిచిపోయి నా మొహంలోకే చూసి అంది.

నేను వరండాలోకి పోయి నిలబడి ఏడ్చాను. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ చూశారు. చూస్తే చూడనీ.